షుగర్ సామాను షాపు పెడుతున్నారా?

జ్వరం వచ్చినవాడు నాలుగు రోజుల్లో లేచి తిరుగుతాడు, మళ్లీ మీ మొహం చూడడు. షుగర్ వచ్చినవాడు జన్మంతా మీవాడే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో వాళ్లు 10 కోట్ల పైమాటే. గిరాకీకి బెంగ లేదు, ఇక మిగతావి వినండి.

ముందుగా ఫార్మసిస్టు సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి గోడకు వేలాడదీయండి. కాగితం ఉంటే చాలు, మనిషి అక్కర్లేదు. కౌంటర్లో కూర్చోడానికి బావమరిది ఉన్నాడుగా.

గ్లూకోమీటరు ఫ్రీగా ఇచ్చేయండి. డబ్బంతా స్ట్రిప్పుల్లో ఉంది. ఏ మీటరుకి ఆ కంపెనీ స్ట్రిప్పులే పడతాయి కాబట్టి, ఊళ్లో మీ దగ్గర తప్ప ఎక్కడా దొరకని రకం చూసి అంటగట్టండి. పెద్దాయన డబ్బా మొత్తం కొనలేనంటే డబ్బా విప్పి అయిదు లెక్కపెట్టి, విభూతిలా కాగితంలో పొట్లం కట్టి ఇవ్వండి. తేమ తగిలితే రీడింగు తప్పుతుందని డబ్బా మీద రాసుంటుంది. డబ్బా మీ దగ్గరే ఉండిపోయింది కదా, ఆయనెలా చదువుతాడు?

ఫ్రిజ్ సంగతి. ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలంటారు. ముందు వరసలో కూల్‌డ్రింకులు, మధ్యలో మీ మజ్జిగ సీసా పెట్టుకుని, మందును వెనక్కి నెట్టి ఐసు గడ్డకి ఆనించండి. గడ్డకట్టిందా? కరగనివ్వండి, పైకి ఏమీ తెలియదు. రాత్రి షట్టరు దించేటప్పుడు మెయిను ఆపేయండి, రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనైనా సరే. మందు పనిచేయకపోతే డాక్టరు డోసు పెంచుతాడు, నెలకి రెండు సీసాలు కాస్తా మూడవుతాయి.

సిరంజిల దగ్గర అసలు తెలివి చూపించాలి.

"ఎర్రమూతది తీసుకోవాలా, నారింజ మూతదా బాబూ?"

"ఏదైనా ఒకటే పెద్దాయనా, సూది సూదే."

ఎర్రమూత 40 యూనిట్ల మందుకి, నారింజ మూత 100 యూనిట్ల మందుకి. 100 రకం మందును ఎర్రమూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25. చెమటలు పట్టి చేతులు వణుకుతాయి, ఇంట్లోవాళ్లు పరిగెత్తుకొస్తారు. గ్లూకోజు పాకెట్లు గల్లాపెట్టె పక్కనే పెట్టుకోండి.

షుగర్ ఫ్రీ బిస్కెట్లు కంటికెదురుగా పేర్చండి. మైదా సంగతి వెనక చిన్న అక్షరాల్లో ఉంటుందిలెండి. నేరేడు గింజల పొడి, పొడపత్రి పొడి అమ్మేటప్పుడు "ఇక మాత్రలు మానేయొచ్చు" అని గట్టిగా చెప్పండి. మానేసినవాడు కొన్నాళ్లకి కాలిపుండుతో వస్తాడు. కట్టుగుడ్డలూ మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులూ మరి ఎవరికి అమ్ముతారు?

ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్, ఆయన సహచరులు 1923లో పేటెంటు హక్కును టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకి ఇచ్చేశారు. పాపం, వ్యాపారం తెలియని మనుషులు. బాంటింగ్ పుట్టిన నవంబరు 14నే ప్రపంచ మధుమేహ దినం. మీరు మాత్రం ఆ రోజు ఉచిత క్యాంపు పెట్టండి. వచ్చినవాళ్లందరికీ ముందు చక్కెర పొంగలి పంచి, ఆ చేతి వేలే గుచ్చండి. పొంగలి అంటిన వేలికి మీటరు ఎంతైనా చూపిస్తుంది. చేతులు కడుక్కొస్తానని ఎవరైనా లేస్తే కుళాయి రావడం లేదని చెప్పండి.