నా మీద రాసిన అంకె

నేను ఒక అద్దె అగ్రిమెంటును. 2022 చివర్లో లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఒక ఏజెంటు ఆఫీసు ప్రింటరులోంచి వెచ్చగా బయటికి వచ్చాను. ఇంట్లో దిగే ఆమె, ఇంటి యజమాని నా చివరి పేజీలో సంతకాలు పెట్టారు. ఇద్దరి పేర్లు, ఇంటి చిరునామా, మొదలైన తేదీ, ప్రతి నెలా ఒకటో తారీఖున కట్టాల్సిన 1,700 పౌండ్లు. నాలో ముఖ్యమైనవి ఇవే. తక్కిన పేజీలనిండా షరతులు.

ఆమెది తణుకు దగ్గర ఊరు. ఇక్కడికి వచ్చి ఏళ్లయింది, శాశ్వత నివాస హక్కు ఉంది. పదేళ్ల కొడుకుతో ఒక్కతే ఉంటుంది. ఒక హోటల్లో గదులు సర్దేవాళ్ల మీద సూపర్‌వైజరుగా చేసేది. 2023 శరదృతువులో మనుషులను తగ్గిస్తున్నామని చెప్పి ఆమెను తీసేశారు. చట్టప్రకారం పరిహారం రావాలంటే ఒకేచోట రెండేళ్లు పనిచేసి ఉండాలి. ఆమెకు అంత సర్వీసు లేదు. ఆ రాత్రి సొరుగులోంచి నన్ను బయటికి తీసి, ఆ 1,700 మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది.

యూనివర్సల్ క్రెడిట్‌కు ఆన్‌లైన్లో అర్జీ పెట్టింది. నిరుద్యోగ సాయం, పిల్లాడి ఖర్చు, ఇంటి అద్దె అన్నీ కలిపి నెలకొకసారి ఆమె ఖాతాలోనే వేసే పద్ధతి అది. పొదుపు 16,000 పౌండ్లు దాటితే ఏమీ ఇవ్వరు. అంత ఎక్కడిది! అద్దె కడుతున్నదానికి రుజువు అడిగారు. అలా నేను జాబ్ సెంటర్ బల్ల మీదికి చేరాను. అక్కడి ఉద్యోగిని నన్ను శ్రద్ధగా చదివింది. ఇద్దరి సంతకాలున్నాయా, తేదీ ఉందా, అద్దె నెలకా వారానికా, ఎన్ని పడగ్గదులు. అన్నీ సరిగానే ఉన్నాయంది. నాకు గర్వంగా అనిపించింది. ఈమెకు ఇల్లు నిలబెట్టే కాగితాన్ని నేనే అనుకున్నాను.

కానీ మొదటి డబ్బు అందేసరికి ఐదు వారాలు పడుతుంది. ఒక నెల లెక్క పూర్తవ్వాలి, ఆపైన వారంలోపు చెల్లింపు. అద్దె మాత్రం ఒకటో తారీఖునే కట్టాలి. నా షరతుల వెనక ఉన్న చట్టం అప్పట్లో ఏం చెప్పేదంటే, రెండు నెలల అద్దె బాకీ పడి, కోర్టులో విచారణ నాటికీ అది అలాగే ఉంటే జడ్జి ఇల్లు ఖాళీ చేయించమని ఆదేశించాల్సిందే. సాయానికి ఐదు వారాలు, వీధిన పడడానికి రెండు నెలలు. ఈ రెండిటి మధ్య మిగిలేది ఎంత సన్నని జాగానో అర్జీ పెట్టినవాళ్లకే తెలుస్తుంది. ఆమె ఇచ్చిన డిపాజిట్టు కూడా సరిగ్గా ఐదు వారాల అద్దే. అది రక్షణ పథకంలో భద్రంగా ఉంది, ఆ ఐదు వారాలు గడవడానికి మాత్రం పనికిరాదు.

ముందస్తుగా కొంత ఇస్తామన్నారు, తీసుకుంది. ఆ రోజు అమ్మకు ఫోన్ చేసింది.

"సర్కారే అద్దె ఇస్తుందా? తిరిగి కట్టాలేంటే?" అంది అమ్మ.

"అద్దె సాయం కట్టక్కర్లేదమ్మా. ఇప్పుడు తీసుకున్నది మాత్రం అప్పే. రెండేళ్లపాటు నెలనెలా కోసుకుంటారు."

తీరా మొదటి లెక్క వచ్చాక చూస్తే, ఇంటి అద్దె అన్న వరసలో నా అంకె లేదు. దానికంటే వందల పౌండ్లు తక్కువ. పొరపాటేమో అనుకుంది. లైబ్రరీలో ఉచితంగా సలహాలిచ్చే ఒక పెద్దావిడ నన్నూ ఆ లెక్కనూ పక్కపక్కన పెట్టి విడమరిచి చెప్పింది. ప్రభుత్వం చూసేది అగ్రిమెంటులోని అద్దెను కాదు, లోకల్ హౌసింగ్ అలవెన్సు అనే పట్టికను. 2008లో ఆ పట్టిక మొదలైనప్పుడు ఒక ప్రాంతపు అద్దెల్లో సరిగ్గా నడిమిదాన్ని తీసుకునేవారు. 2011లో దాన్ని దించేశారు. నూటికి ముప్పై ఇళ్లు, అదీ బాగా చవకైనవి, ఎంతలో దొరుకుతాయో అంతవరకే ఇస్తామన్నారు. 2020 ఏప్రిల్‌లో ముందటి ఏడాది అద్దెలకు సవరించాక, అప్పటిదాకా దాన్ని కదల్చనేలేదు. అంటే 2022 చివర్లో పుట్టిన నన్ను 2019 నాటి అద్దెలతో తూచారు.

ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నన్ను అడిగి తెప్పించుకున్నారు, నా సంతకాలు పరీక్షించారు, నేను అసలుదాన్నేనని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక నేను చెప్పిన అద్దెను పక్కన పెట్టారు. తేడా సొమ్ము ఎవరు కట్టాలి? ఉద్యోగం పోయిన మనిషే కట్టాలి, తిండి కోసం ఇచ్చిన డబ్బులోంచి తీసి కట్టాలి. ఆ చలికాలం ఆమె రాత్రిపూట హీటరు వేయడం మానేసింది. పిల్లాడు కోటు వేసుకునే హోంవర్కు చేసుకునేవాడు.

ఆ తేడాకు కౌన్సిల్ దగ్గర వేరే నిధి ఉంటుందని పెద్దావిడే చెప్పింది. అడిగితేనే ఇస్తారు, అదీ వాళ్ల విచక్షణ మీద, కొద్ది నెలలకే. ఆమె నా నకళ్లు తీసి కౌన్సిల్‌కు పంపింది. ఆ డబ్బు రాబట్టే బాకీ రెండు నెలలకు చేరలేదు.

పై అంతస్తులో గుంటూరు కుర్రాడు ఉండేవాడు. వచ్చి ఏడాదైనా కాకముందే వాళ్ల కంపెనీ అతన్నీ తీసేసింది. తన అగ్రిమెంటు పట్టుకొని వచ్చాడు. "అక్కా, నాకూ ఇలా రాసి పెట్టవా?" అన్నాడు. ఆమె అతని వీసా కార్డు తిప్పి చూసింది. ప్రజానిధులకు అర్హత లేదని అచ్చుపడి ఉంది. పని వీసా మీద వచ్చినవాళ్లు పన్ను కట్టినా, బీమా చందా కట్టినా యూనివర్సల్ క్రెడిట్ అడగకూడదు. చందా మీద వచ్చే నిరుద్యోగ భృతి ఆ నిషేధం కిందికి రాదు గానీ, దానికి కావలసినంత చందా అతను ఇంకా కట్టలేదు. ఇలాంటివాళ్లకు కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి మామూలుగా అరవై రోజుల గడువిస్తారు. అతని చేతిలోని అగ్రిమెంటు నాలాంటిదే, అదే ఏజెంటు అచ్చు. దాన్ని తెరిచి చదివే బల్లే ఎక్కడా లేదు.

2024 ఏప్రిల్‌లో పట్టికను తాజా అద్దెలకు సవరించారు. తేడా కొంతవరకు తగ్గింది. ఆ వేసవిలోనే ఆమెకు ఒక స్కూలు వంటశాలలో సగంపూట పని దొరికింది. పిల్లలున్న ఇంటికి అద్దె సాయం అందుతుంటే, ఆ ఏడాది నెలకు 404 పౌండ్ల దాకా జీతాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆపైన వచ్చే ప్రతి పౌండుకూ 55 పెన్నీలు సాయంలోంచి తగ్గిస్తారు. అలా నెట్టుకొస్తుండగా 2025 ఏప్రిల్‌లో పట్టికను మళ్లీ కదలకుండా ఆపేశారు.

ఇప్పుడు నా వెనక ఇంకో కాగితం పిన్ను కొట్టి ఉంది. అద్దె పెంచుతున్నట్టు యజమాని పంపిన నోటీసు అది. దాని మీద అంకె 1,850. కిందటి వారం ఆమె మా ఇద్దరినీ ఫోటో తీసి, తేడా సొమ్ము కోసం కౌన్సిల్‌కు మళ్లీ అర్జీ పంపింది. జవాబు ఇంకా రాలేదు.