రెండూ ఎడమకాలివే

మళ్ళీ రెండూ ఎడమకాలివే. పైగా ఒకటి ఆరో నంబరు, ఇంకొకటి తొమ్మిది.

థియేటర్ గుమ్మం దగ్గర నేల మీది ఎర్రగీతకు ఇవతల నిలబడి మనవాడు ఆ జతకాని జతను చూస్తున్నాడు. బయటి చెప్పులతో గీత దాటితే సిస్టర్ ఊరుకోదు. వట్టికాళ్ళతో దాటితే రూలు ఊరుకోదు. లోపల హెర్నియా పేషెంటును టేబుల్ ఎక్కించేశారు. సర్జన్ గారు చేతులు కడుక్కుంటున్నారు. చివరికి మనవాడు రెండు ఎడమ చెప్పులూ తగిలించుకుని, కుడికాలు ఎటో లాగేస్తుంటే, అడ్డంగా నడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. కొన్నాళ్ళుగా ఇదే తంతు.

మనవాడు ఓటీ టెక్నీషియన్. చుట్టాల లెక్కలో కాంపౌండరు. పెళ్ళి సంబంధాలవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ‘డాక్టర్ గారి పక్కనే ఉంటాడండీ’. పొద్దున్నే లైట్లు, టేబులు, సక్షన్, డయాథర్మీ పనిచేస్తున్నాయో లేదో చూడాలి. ట్రేలు సర్దాలి. సర్జన్ చెయ్యి చాపగానే, ఆయన నోటితో అడిగినదాన్ని కాక మనసులో అనుకున్నదాన్ని ఆ చేతిలో పెట్టాలి. అన్నిటికీ మించి లెక్కపెట్టాలి. ఆర్టరీ ఫోర్సెప్స్ ఎన్ని, ఆలిస్ ఎన్ని, బాబ్‌కాక్ ఎన్ని, సూదులెన్ని, మాప్‌లెన్ని. కోత పెట్టకముందు ఒకసారి, పొట్ట మూసేముందు ఒకసారి, చర్మం కుట్టేముందు మరోసారి. ఒక్క మాప్ తగ్గినా అందరూ ఆగిపోవాల్సిందే. బకెట్లు తిరగేస్తారు, టేబుల్ కింద దూరి వెతుకుతారు, అప్పటికీ దొరక్కపోతే ఎక్స్‌రే తీస్తారు. అందులో కనపడాలనే మాప్‌లలో ప్రత్యేకంగా ఒక దారం వేసి నేస్తారు.

అంత పకడ్బందీ లోకంలో, మిల్లీమీటర్ల సూదికి కూడా లెక్క ఉన్న చోట, ముప్ఫై జతల రబ్బరు చెప్పులకు మాత్రం లెక్కాపత్రం లేదు.

అవి ఎక్కడికి పోతాయన్నది మనవాడికి తెలియని సంగతేమీ కాదు. కొన్ని ఐసీయూలో తేలతాయి. కొన్ని బాత్‌రూముల్లో స్థిరపడిపోతాయి. వార్డుబాయ్ ఒక జతతో టీ కొట్టుదాకా వెళ్ళొస్తాడు. ఆ ఎర్రగీత ఆసుపత్రి గేటు అవతల ఎక్కడో ఉందని అతని నమ్మకం. పెద్ద సర్జన్లకు సొంత చెప్పులుంటాయి, వాటి మీద మార్కర్‌తో పేరు ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. మత్తు డాక్టర్ గారు మాత్రం ఏది దొరికితే అది వేసుకుంటారు. ఆయన మనసంతా ఎప్పుడూ మానిటర్ మీదే కాబట్టి కాళ్ళ సంగతి ఆయనకు తెలియదు. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడు శుభ్రత మీద భక్తికొద్దీ చెప్పుల్ని ఆటోక్లేవ్‌లో పెట్టబోయాడు. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి. హవాయి చెప్పు అప్పడమయ్యేది. 1879లో ఆ యంత్రాన్ని తయారుచేసిన చార్లెస్ చాంబర్‌లాండ్, పాశ్చర్ గారి శిష్యుడు, ఇలాంటి ప్రమాదం ఊహించి ఉండడు.

ఇక్కడ కాస్త బాల్టిమోర్ దాకా వెళ్ళొద్దాం. చెప్పులకూ బాల్టిమోర్‌కూ సంబంధం ఏమిటంటారా, పెద్దగా లేదు. కానీ కుడికాలు నొప్పెడుతున్నప్పుడు మనవాడికి ఆ కథే గుర్తొస్తుంది.

అక్కడి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అని ఒక సర్జన్ ఉండేవారు. 1889-90 చలికాలంలో ఆయన థియేటర్ నర్స్ కరోలిన్ హాంప్టన్ చేతులు, మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచీ ముంచీ చిట్లిపోయాయి. ఇంకెవరైనా అయితే ‘అలవాటవుతుందిలేమ్మా’ అనేవారు. హాల్‌స్టెడ్ గారు గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి రాసి, ప్రయోగాత్మకంగా పల్చటి రబ్బరు గ్లవ్స్ రెండు జతలు చేయించారు. రెండు జతలూ! వాటిలో కుడిదేదో ఎడమదేదో సరిగ్గానే వచ్చి ఉంటుంది. 1890లో ఇద్దరికీ పెళ్ళయింది.

హాల్‌స్టెడ్ సామాన్యుడు కాడు. కొకైన్‌తో మత్తు ప్రయోగాలు తన మీదే చేసుకుని ఆ అలవాటులో కూరుకుపోయినవాడు. చొక్కాలు ఉతికించడానికి పారిస్ పంపేవారట. అట్లాంటిక్ మహాసముద్రం దాటి వెళ్ళి, ఇస్త్రీ అయి, తిరిగి వచ్చేవి. మనవాడి ఆసుపత్రి లాండ్రీ ఉన్నది వెనకవీధిలోనే. అక్కడికి వెళ్ళిన స్క్రబ్ ప్యాంటు బొందు లేకుండా వస్తుంది. గాజ్ బ్యాండేజీ రోల్‌తో నడుం కట్టుకుని సర్జన్ పక్కన నిలబడ్డ సందర్భాలు ఈ దేశంలో ఎంతమందికి ఉన్నాయో పక్కవాళ్ళను అడిగితే తెలుస్తుంది. ఎడమచేత్తో ప్యాంటు పట్టుకుందామంటే ఆ చెయ్యి స్టెరైల్.

సరే, గ్లవ్స్ సంగతి. తమాషా ఏమిటంటే, అవి మొదట్లో పేషెంటు కోసం కాదు, పనిచేసే మనిషి చేతుల కోసం. సర్జన్లు తాము కూడా వేసుకుంటే పేషెంట్లకు చీము పట్టడం తగ్గుతుందని లెక్కలతో తేలడానికి పదేళ్ళు పట్టింది. హాల్‌స్టెడ్ శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ 1899లో హెర్నియా కేసుల వివరాలు ప్రచురించాడు. అంటే, కింద పనిచేసేవాళ్ళ సౌకర్యం చూస్తే పేషెంటు కూడా బాగుపడతాడని వైద్యశాస్త్రం ఒకసారి నిరూపించింది. ఆ తర్వాత ఆ ప్రయోగాన్ని కాళ్ళ దాకా తీసుకురాలేదు. పెళ్ళయ్యాక కరోలిన్ గారు థియేటర్ మానేశారు. మనవాడికి ఆ సౌలభ్యం కూడా లేదు; పెళ్ళయ్యాక రెండు డ్యూటీలు చేస్తున్నాడు.

పోనీ ఈ చెప్పుల వల్ల పేషెంటుకైనా మేలు జరుగుతోందా? 1999లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇచ్చిన మార్గదర్శకాల్లో, గాయానికి ఇన్ఫెక్షన్ రాకుండా ఉండటానికని షూ కవర్లు వేసుకోవద్దనే రాశారు. కాళ్ళకు రక్తం అంటకుండా ఉండటానికైతే మాత్రం వేసుకోమన్నారు. మనవాడికి ఇచ్చేది వేళ్ళు బయటపెట్టే రబ్బరు చెప్పు. అందులో రక్తమూ పడుతుంది, సెలైనూ పడుతుంది. ఒకరోజు టవల్ క్లిప్ పడింది. ఇన్ఫెక్షన్‌ను ఆపదు, క్లిప్‌నూ ఆపదు. అయినా అది లేకపోతే గీత దాటనివ్వరు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకు ఒక చెక్‌లిస్టు పెట్టింది. మంచి కాగితం. పైలట్‌గా అమలు చేసిన ఎనిమిది ఆసుపత్రుల్లో, అందులో ఒకటి ఢిల్లీలోనే, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అందులో ఒక అంశం ఏమిటంటే, కోత పెట్టేముందు థియేటర్లో ఉన్నవాళ్ళంతా పేరు, పని చెప్పుకోవాలి. మొదటిసారి అమలుచేసినరోజు మనవాడు తన పేరు చెప్పగానే సర్జన్ గారు మాస్కు పైనుంచి చూసి, “నీ పేరు అదా? నేను ఇన్నాళ్ళూ శీను అనుకున్నానే” అన్నారు. ఇన్నాళ్ళూ ‘శీనూ’ అంటే పలికింది మనవాడే కాబట్టి పెద్దగా ఏమనుకోలేదు. డిశ్చార్జి సమ్మరీలో సర్జన్ పేరుంటుంది, మత్తు డాక్టర్ పేరుంటుంది. అందులో శీను కూడా లేడు.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది. ఓటీ టెక్నాలజిస్టుకు అందులో చోటు దొరికింది. చట్టంలోనైతే దొరికింది. జీతం మాత్రం ఇప్పటికీ ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ నుంచి, అది గుర్తొచ్చినప్పుడు.

పేషెంటు మాత్రం వట్టికాళ్ళతోనే వస్తాడు. అతని చెప్పులు బయట భార్య దగ్గరో కొడుకు దగ్గరో కవర్లో ఉంటాయి, చొక్కాతోనూ వాచీతోనూ పాటు. చాలాసార్లు మర్నాడో ఆ మర్నాడో అతనే వేసుకుంటాడు. ఎప్పుడైనా ఒకసారి టేబుల్ మీదే అయిపోతుంది. సర్జన్ గారు గ్లవ్స్ విప్పి బయటికి వెళ్ళి చెప్పాల్సింది చెబుతారు. అప్పుడు కూడా మనవాడు లెక్కపెట్టాలి. మాప్‌లు సరిపోయాయా, సూదులు సరిపోయాయా. సిస్టర్ అడుగుతుంది, మనవాడు ‘కరెక్ట్’ అంటాడు, ఆమె రాసుకుంటుంది. ఆ మాట ఆ పూట గొంతులోంచి రావడం కష్టం. పనిముట్లు కడగడానికి పట్టుకెళ్తూ కారిడార్‌లో ఆ కవరు పట్టుకున్న మనిషి ఎదురైతే మనవాడు తల దించుకుంటాడు. ఏం మాట్లాడాలో ఏ కోర్సులోనూ నేర్పలేదు. తల దించినా కవరే కనిపిస్తుంది.

మొత్తానికి మనవాడు ఇండెంట్ పెట్టాడు. పది జతలు, ఆరు నుంచి పది నంబర్ల దాకా. స్టోర్‌లో పాతవి కండెమ్ చేసిన కాగితం అడిగారు. పాతవి పోయాయన్నాడు.

“పోయినవాటిని ఎలా కండెమ్ చేస్తామయ్యా? తెచ్చి చూపించు.”

“ఉంటే అడగను కదండీ.”

గుమస్తా చాలాసేపు ఆలోచించి, ఇవి పేషెంట్లకా స్టాఫ్‌కా అన్నాడు. స్టాఫ్‌కే అన్నాడు మనవాడు. అయితే నువ్వు ఏజెన్సీ మనిషివి కాబట్టి ఏజెన్సీనే అడగమన్నాడు. ఏజెన్సీ సూపర్‌వైజర్ ఫోన్‌లో బాగా మర్యాదగా మాట్లాడాడు. థియేటర్ లోపల వేసుకునేవి ఆసుపత్రి ఆస్తి అని, బయట వేసుకునేవి మనవాడి సొంతమని, మధ్యలో ఏజెన్సీకి సంబంధించిన చెప్పులంటూ ఏవీ లేవని వివరంగా చెప్పాడు.