పారాలీగల్ కావలెను: సటీక తాత్పర్యం

మూలం: “పాతబస్తీలోని చిన్న లా ఆఫీసుకు ఇంటి నుండి పనిచేయు పారాలీగల్ కావలెను. అనుభవము గలవారికి ప్రాధాన్యము. జీతము అర్హతను బట్టి.”

టీక: పాతబస్తీలోని = హైదరాబాదులో మూసీ దక్షిణపుటొడ్డున 1920 నుంచి హైకోర్టును, పురానీ హవేలీ వైపు సిటీ సివిల్ కోర్టును నడకదూరంలో పెట్టుకున్న; చిన్న = సీనియరు ఒకరు, జూనియరు ఒకరు, గుమాస్తా ఒకరు, మూతపడని బీరువాలు కొన్ని గల; లా ఆఫీసుకు = వకీలు గదికి; ఇంటి నుండి పనిచేయు = ఆ గది గుమ్మం తొక్కనక్కరలేని; పారాలీగల్ = వకీలు కాకపోయినా వకీలు పనిలో సగం తెలిసిన మనిషి; కావలెను = వెంటనే కావలెను; అనుభవము గలవారికి = చేయవలసిన తప్పులన్నీ వేరొకరి ఆఫీసులో చేసివచ్చినవారికి; ప్రాధాన్యము = పెద్దపీట; జీతము = నెల తిరిగేసరికి ఇవ్వవలసినది; అర్హతను బట్టి = బేరమును బట్టి.

తాత్పర్యం: ఈ మూడు వాక్యాల సూత్రంలో ఎవరు కావాలో ఉంది, ఎక్కడికి కావాలో ఉంది. వచ్చినవాళ్లు చేసిన పనిని చూసేదెవరో లేదు. ఆఫీసు చూడదు, బీరువాలకు చదువు రాదు. మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి ఆధారం లేని మాట రాయనని నియమం పెట్టుకున్న వ్యాఖ్యాత. ఆయన ఊరికి ఇంత దగ్గర్లో కూర్చుని మూలంలో లేని మాట చేర్చడం సాహసమే. అయినా ఆకాంక్ష తీరకుండా వాక్యం నిలవదు గనుక అధ్యాహారం తప్పదు. ‘పారాలీగల్’కు ముందు ‘రాసిన ప్రతి కాగితాన్నీ వకీలు తానే చదివి సంతకం పెట్టునట్టి’ అని చేర్చుకోవాలి. అది చేరితే ఇంటి నుండి పనిచేసినా ఇస్తాంబుల్ నుండి పనిచేసినా ప్రకటనకు దోషం లేదు. చేరకపోతే ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టుకున్నా దోషం పోదు. దూరం ఇక్కడ గుణమూ కాదు, దోషమూ కాదు.

దీనికి మొదటి ఆధారం శాసనం. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 29వ సెక్షన్ న్యాయవాద వృత్తిని అడ్వకేట్లకే కట్టబెట్టింది. పారాలీగల్ ఎంత చక్కగా దావా రాసినా అది కోర్టు మెట్లెక్కేది వకాల్తా మీద పేరున్నవారి పూచీతోనే. రెండో ఆధారం ఈ ఊళ్లోనే ఉంది. హైటెక్ సిటీ వైపు కంపెనీల్లో కూర్చుని అమెరికా లా ఫర్ముల కాగితాలు చదివిపెట్టే ఉద్యోగాలు ఈ శతాబ్దం మొదటి దశకం నుంచే ఉన్నాయి. పన్నెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం వాళ్లకు అడ్డు రాలేదు. నయాపూల్ దగ్గరి వకీలుకు మాత్రం మలక్‌పేట దూరమైపోయింది. అలా పని బయటికి పంపడానికి అమెరికన్ బార్ అసోసియేషన్ 2008లో, 08-451 నంబరు అభిప్రాయంలో, ఒప్పుకుంటూ పెట్టిన షరతు మన అధ్యాహారమే: పంపిన వకీలు ఆ పనిని పర్యవేక్షించాలి, ఫలితానికి తానే జవాబుదారీ కావాలి.

ఇక పని స్వరూపం. చిన్న ఆఫీసును ముంచేది చట్టం తెలియకపోవడం కాదు, తేదీ తప్పడం. పత్తర్‌గట్టీ వ్యాపారికి వచ్చిన చెక్కు బౌన్సయిందనుకుందాం. బ్యాంకు నుంచి కబురు అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక అవతలివారికి డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు. అదీ దాటితే నెలలోపు కంప్లయింటు వేయాలి. మామూలు దావాలో జవాబు దావాకు 30 రోజులు, కోర్టు దయతలిస్తే 90. కమర్షియల్ దావా అయితే 120 రోజులు దాటితే ఆ హక్కే పోతుంది. మనకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందే కేవియట్ వేస్తే దానికి 90 రోజులే ఆయుష్షు. పైగా కోవిడ్ కాలంలో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలపరిమితి లెక్కలోంచి తీసేయమంది సుప్రీంకోర్టు. ఈ కూడికలు తీసివేతలకు నల్లకోటు అక్కరలేదు, కోర్టు వరండా అక్కరలేదు, నిదానం కావాలి. ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో కేసుకిచ్చిన పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే కేసు ఎక్కడుందో ఏ ఊరినుంచైనా కనిపిస్తుంది. ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద వేసే అఫిడవిట్లలో కట్ట వేరే కట్టల్లో కలిసిపోయిందనీ, గుమాస్తా తేదీ తప్పు వేసుకున్నాడనీ రాయడం వకీళ్ల లోకంలో కవిసమయం. చకోరం వెన్నెల తాగినట్టే గుమాస్తా తేదీ తప్పుతాడు. ఆ నింద అన్నిసార్లూ నిజమైతే, తేదీలు చూసుకునే మనిషిని ఏనాడో పెట్టుకోవలసింది.

పూర్వపక్షి లేచాడు: “కక్షిదారు రహస్యాలు ముఖం తెలియని మనిషి లాప్‌టాప్‌లో పెడతారా?” సమాధానం 1872లోనే ఉంది. ఎవిడెన్స్ చట్టం 126వ సెక్షన్ వకీలు నోటికి వేసిన తాళాన్ని 127వ సెక్షన్ వకీలు గుమాస్తాలకూ నౌకర్లకూ వేసింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్‌లో క్లర్కులనూ ఉద్యోగులనూ అలాగే ఉంచింది. చట్టం చూసేది ఆ మనిషి వకీలుకు ఏమవుతాడనే కానీ ఎక్కడ కూర్చున్నాడని కాదు. కాబట్టి ముక్కకింత అని వాట్సాప్‌లో బేరమాడుకున్న అజ్ఞాత వ్యక్తి పనికిరాడు. రాతపూర్వకంగా ఉద్యోగంలోకి తీసుకున్నవాడు పనికొస్తాడు. (కక్షిదారుల ఆధార్ కాపీలను జిరాక్స్ షాపు కౌంటరు మీద వదిలివచ్చే ఆఫీసులు గోప్యత గురించి ఆవేశపడటం వేరే వ్యాఖ్యానానికి విషయం.)

రెండో ఆక్షేపం బరువైనది. పాతబస్తీ ఆస్తి తగాదాల మూలకాగితాలు తరచు ఉర్దూలో ఉంటాయి. నిజాం కోర్టుల్లో పారశీ పోయి ఉర్దూ వచ్చింది 1880లలో. 1948 దాకా బైనామా (అమ్మకపు పత్రం), హిబానామా (దానపత్రం), ముంతఖబ్ (ఇనాం హక్కు పత్రం) ఏదైనా ఆ లిపిలోనే నడిచింది. గొలుసుకట్టు చేతిరాత చదవగలవాళ్లు చార్మినార్ చుట్టుపక్కలే తగ్గిపోతుంటే, ఎక్కడో ఉన్న లా గ్రాడ్యుయేటుకు అది అర్థమవుతుందా అని పూర్వపక్షి ప్రశ్న. చాలామందికి కాదు, ఒప్పుకోవలసిందే. కానీ నిజాం కాలపు ఆ ఉర్దూ కోర్టులు ఒక్క హైదరాబాదులోనే నడవలేదు. బీదర్, గుల్బర్గా, నాందేడ్, ఔరంగాబాద్‌లలోనూ నడిచాయి. పాత రాత చదవగల రిటైరైన ఉద్యోగి బీదర్‌లో దొరికితే ఆయన్ను నయాపూల్‌కు రప్పించి అద్దె గది చూపించే స్తోమత చిన్న ఆఫీసుకు లేదు. స్కాన్ పంపే స్తోమత ఉంది. యాకుత్‌పురాలో చదువూ ఉర్దూ రెండూ ఉండి, రాత్రి తొమ్మిది దాకా వకీలు గదిలో కూర్చునే వీలులేని అమ్మాయికి కూడా ఈ ప్రకటన వర్తిస్తుంది. అంటే ఆక్షేపం దూరాన్ని ఖండించబోయి, దూరంగా ఉన్నవాళ్లను వెతకడానికే కారణం చూపింది. అసలు పత్రాన్ని వేళ్లతో తడిమి చూడాల్సిన చోట, స్టాంపూ సంతకమూ అనుమానంగా ఉన్న చోట, స్కాన్ చాలదు. అక్కడ వకీలు వెళ్లవలసిందే.

మూడో ఆక్షేపం గుమాస్తా తరఫున. ప్రకటనలో పైకి చెప్పని ధ్వని ఒకటి ఉంది: జీతం తక్కువకు ఇంటి దగ్గరి మనిషి దొరికితే గుమాస్తాను మానిపించవచ్చునని. ఈ అర్థం అగ్రాహ్యం. ఫైలింగ్‌లో ఆబ్జెక్షన్ వేసి తిప్పిపంపిన కాగితాన్ని సరిచేయించి మళ్లీ కౌంటర్లో పెట్టడం, సర్టిఫైడ్ కాపీకి స్టాంపులు కట్టడం, బత్తా జమచేసి సమను కదిలిందో లేదో కనుక్కోవడం – ఇవి కాళ్లతో చేసే పనులు. ఈ మనుషులను చట్టం కూడా గుర్తించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లోనే వకీళ్ల గుమాస్తాల సంక్షేమ నిధికి చట్టం వచ్చింది. గుమాస్తా మోసే తేదీల డైరీ పారాలీగల్‌కు పోవాలి, కౌంటరు గుమాస్తాకే ఉండాలి. పైగా రాజేంద్రనగర్ దగ్గర 100 ఎకరాల్లో కొత్త హైకోర్టుకు 2024 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. కోర్టు అటు తరలితే పత్తర్‌గట్టీ మేడ మీది వకీలు కూడా కోర్టుకు దూరపువాడే అవుతాడు. రోజూ అటు వెళ్లివచ్చే మనిషి విలువ అప్పుడు పెరుగుతుంది.

మిగిలింది చివరి వాక్యం. ఫీజులో వాటా ఇస్తామని ఆశపెట్టడం కుదరదు. అడ్వకేటు కానివారితో పారితోషికం పంచుకునే ఏర్పాటును బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధించాయి. కాబట్టి జీతమే ఇవ్వాలి, నెలనెలా ఇవ్వాలి, కేసు గెలిచినా ఓడినా ఇవ్వాలి. దానికి తోడు ప్రకటనలో కనిపించని ఖర్చు మరొకటి: వచ్చిన ముసాయిదాలను కూర్చుని చదవడానికి సీనియరు రోజూ కేటాయించే గంట. సాయంత్రం కక్షిదారులు వెళ్లిపోయాక ఆ గంట దొరుకుతుందా లేదా అన్నది చూసుకున్నాకే పత్రికకు డబ్బు కట్టాలి. ఆ గంట దొరకనివారు ఆ సొమ్ముతో గుమాస్తాకు జీతం పెంచి, ప్రకటనను వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవడం శ్రేయస్కరం.