ఓ పాజిటివ్ జాతకం

పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి, అమ్మాయి బ్లడ్ గ్రూపులు అడిగి, రెండూ ఒకటైతే మానుకోవడం తెలుగునాట బాగా వేళ్లూనుకున్న శాస్త్రం. ల్యాబ్ ముద్ర ఉన్న చీటీ చేతికొస్తుంది కాబట్టి శాస్త్రమే అనాలి. వధూవరులది ఒకే నాడి అయితే సంతానానికి చేటని జాతకాలు చెప్పేవి. నాడి పోయి గ్రూపు వచ్చింది, చేటు మాత్రం ఉన్నచోటే ఉంది. మల్దకల్ తిమ్మప్పకు మొక్కుకుని సంబంధాలు వెతికే నడిగడ్డ ప్రాంతపు పెద్దలు కూడా చీటీ చూసి, "ఇద్దరిదీ ఒకటే గ్రూపంట, పిల్లలు మంచిగ పుట్టరంట" అని వెనక్కి తగ్గుతారు.

నిజానికి ఈ పరీక్ష పరిధి చాలా చిన్నది. పలక మీద మూడు చోట్ల రక్తం వేసి యాంటీ-ఏ, యాంటీ-బీ, యాంటీ-డీ ద్రావణాలు కలుపుతారు. రక్తం ఎక్కడ గుంపులుగా పేరుకుంటే ఆ ద్రావణం పేరులోని ఏ, బీ లేదా డీ పదార్థం ఎర్రకణాల మీద ఉన్నట్టు. ఎక్కించే రక్తం ఒంటికి పడుతుందా లేదా అన్నదే ఇందులో తేలేది. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ ఈ గుట్టు విప్పేదాకా రక్తం ఎక్కించడమంటే ప్రాణంతో జూదమే. ఇప్పటికీ బ్లడ్ బ్యాంకు కార్డు మీది అక్షరాన్ని నమ్మదు. మళ్లీ గ్రూపు చూసి, క్రాస్‌మ్యాచ్ చేసి రక్తం ఇస్తుంది. 1952లో బయటపడిన బాంబే గ్రూపు మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది, ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. బ్లడ్ బ్యాంకుకు ఇన్ని సందేహాలుంటే పెళ్లి పెద్దలకు ఒక్కటీ లేదు.

ప్రధాన గ్రూపులు నాలుగే. చూడకుండా కలిపినా కనీసం నాలుగో వంతు జంటలకు గ్రూపు కలిసి తీరుతుందని లెక్క. పెద్దల మాట నిజమైతే ఏ వీధిలోనైనా నాలుగిళ్లకొక ఇల్లు శాపగ్రస్తమై ఉండాలి. అసలు సంగతి దీనికి తలకిందులు. తల్లీబిడ్డల గ్రూపులు పడని చిక్కు దంపతుల గ్రూపులు వేరైనప్పుడే వస్తుంది. తల్లిది ఓ, తండ్రిది ఏ లేదా బీ అయితే కొందరు పసికందులకు కామెర్లు రావచ్చు. ఇద్దరిదీ ఒకటే అయితే ఆ బెడద లేదు. పెద్దలు ఏరి పారేసేది, ఈ ఒక్క విషయంలో, అన్నిటికన్నా భద్రమైన సంబంధాన్ని!

ఒకే గ్రూపంటే ఒకే రక్తమని భయమైతే ముందు ఆగాల్సినవి మేనరికాలు. బావామరదళ్ల జన్యువుల్లో దాదాపు ఎనిమిదో వంతు ఉమ్మడివి, మేనమామ మేనకోడళ్లకు నాలుగో వంతు. తలసేమియా వంటి జబ్బు రావాలంటే లోపమున్న జన్యువు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ బిడ్డకు అందాలి. చుట్టరికం ఆ దారిని దగ్గర చేస్తుంది. సీడ్ పత్తి చేలో ఆడ చెట్ల వరుస ఏదో, మగ చెట్ల వరుస ఏదో చూసి మరీ క్రాసింగ్ చేయించే రైతు, ఇంటికొచ్చి కూతురిని ఆమె మేనమామకే ఇస్తాడు. గ్రూపులు వేరు కదా, ఇక దిగులేమిటి!

చీటీలో నిజంగా చూడాల్సింది అక్షరం పక్కనున్న గుర్తు. అమ్మాయిది నెగటివ్, అబ్బాయిది పాజిటివ్ అయితే బిడ్డది పాజిటివ్ కావచ్చు. కాన్పులో బిడ్డ రక్తం తల్లి ఒంట్లో చేరి యాంటీబాడీలు పుడితే, తొలిచూలు బిడ్డ సాధారణంగా గట్టెక్కినా మలిచూలు బిడ్డదీ పాజిటివ్ అయితే ఆ బిడ్డ ఎర్రకణాలు విరిగిపోవచ్చు. దీనికీ సంబంధం వదులుకోనక్కర్లేదు. గర్భం 28వ వారం ప్రాంతంలో ఒక యాంటీ-డీ ఇంజెక్షన్, బిడ్డది పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోపు మరొకటి వేయించాలి. గర్భం పోయినప్పుడు కూడా డాక్టరును అడగాలి. ఈ మందు 1968 నుంచీ వాడుకలో ఉంది.