పక్కగదికి రత్నాచల్ టికెట్టు

ఈ దేశంలో ఏ జబ్బుకైనా ఒకే మందు రాసే వైద్యుడు ఒకడున్నాడు. ఆయన మన నెట్ కనెక్షన్ అబ్బాయి. వీడియో ఆగి ఆగి వస్తోందన్నా, ఫోన్‌లో మాట తెగిపోతోందన్నా, ఆఖరికి మన ముందుగదిలోని కంప్యూటర్లోంచి మన వెనకగదిలోని కంప్యూటర్లోకి ఫైలు పాకుతోందన్నా, నాడి పట్టకుండానే చెప్పేస్తాడు: "ప్లాను పెంచేసుకోండి గురువుగారూ, ఆయ్!"

అన్నవరంలో ఈ మందుకి గిరాకీ జాస్తి. పెళ్ళిళ్ళ ఊరు కదా. మంచి ముహూర్తం ఉన్న రాత్రి రత్నగిరి మీద ఎటు చూసినా బాసికాలే, ఎటు విన్నా మేళమే. పెళ్ళి ఎక్కడ చేసుకున్నా, సత్యనారాయణస్వామి వ్రతానికి కొంగుముడితో ఇక్కడ దిగే కొత్త జంటల లెక్క వేరే. ప్రతి జంట వెనకాలా రెండు కెమెరాలు, ఒక లైటు కుర్రాడు. ఆ కెమెరాలు పట్టేవాళ్ళలో చాలామందికి ఇల్లే స్టూడియో. ముందుగదిలో కార్డులు దించుకునే సిస్టం, వెనకగదిలో మిక్సింగ్ సిస్టం. రెంటికీ మధ్య ఓ గోడ, ఓ గుమ్మం. ఆ గుమ్మం దాటడానికి పెళ్ళి ఫైలు చేసే జాగు చూస్తే, అప్పగింతల దగ్గర పెళ్ళికూతురు చేసిన జాగు ఏపాటి అనిపిస్తుంది.

లెక్క కడదాం. ఇప్పటి కెమెరాలు ఫోర్‌కే వీడియోని సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున రాయడం మామూలే. అంటే గంటకి 45 గిగాబైట్లు. రెండు కెమెరాలు నాలుగేసి గంటలు తిరిగితే 360. ఇప్పుడు ఆ ఇంట్లో రెండు సిస్టంలనీ కలిపే తీగ కూడా సెకనుకి 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోయిందనుకోండి. దారిఖర్చులు పోను కాపీ విండోలో కనపడేది సెకనుకి 11 మెగాబైట్లు. 360 గిగాబైట్లకి తొమ్మిది గంటల పైచిలుకు. కెమెరా ఏ వేగంతో రాసిందో తీగ ఇంచుమించు అదే వేగంతో మోస్తోందన్నమాట. కొండ మీద జరిగిన పెళ్ళి ఇంట్లో మళ్ళీ మొదటినుంచి, అదీ కెమెరాకొకసారి చొప్పున జరుగుతుంది. కొండ కింద స్టూడియో నడిపే మావాడొకడు ఈ విద్యలో ఆరితేరిపోయాడు. పచ్చగీత ఎంతదాకా వచ్చిందో చూసి, "జీలకర్రబెల్లం అయిపోయింది, తలంబ్రాలకి భోంచేసి రావచ్చు" అని చెప్పేస్తాడు. పేరు రాయొద్దన్నాడు, పార్టీలు పోతాయిట.

మావాడి ప్లాను మొదట 100. అబ్బాయి వచ్చి 300కి ఎక్కించాడు. నెల బిల్లు ఎక్కింది. పచ్చగీత మాత్రం తన మర్యాద తాను తప్పలేదు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ప్లాను అనేది ఇంటి బయటి సంగతి. స్తంభం మీంచి వచ్చే ఫైబరుకీ ఇంట్లో బాక్సుకీ మధ్య ఒప్పందం. ముందుగదిలోంచి వెనకగదికి వెళ్ళే ఫైలు ఆ స్తంభం మొహమే చూడదు. ఈ సిస్టంలోంచి తీగ మీద బాక్సులోకి, బాక్సులోంచి ఇంకో తీగ మీద ఆ సిస్టంలోకి. అంతే దాని యాత్ర. దానికి ప్లాను పెంచమనడమంటే, మోకాళ్ళ నొప్పులతో వంటింట్లోంచి వసారాలోకి రాలేకపోతున్న ముసలాయనకి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ టికెట్టు కొనిపెట్టడం. మన కొండ పేరు పెట్టుకున్న రైలే, కాదనను. కానీ వసారాలో ఆగదు కదండీ!

పైగా ఈ బేరమంతా ఓ ఎనిమిది మీద నడుస్తుంది. ప్లాను మెగాబిట్లలో అమ్ముతారు, కంప్యూటరు మెగాబైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. 100 కొన్నవాడికి తెరమీద 11, 12 కనపడేసరికి "మోసం!" అంటాడు. అక్కడ మోసం లేదు, భాగాహారం ఉంది. ఆ భాగాహారం చెప్పకుండా "లైన్లో లాసండీ, పై ప్లాన్లో ఆ లాసుండదు" అంటాడు చూశారూ, మోసం అక్కణ్ణించి మొదలు.

రెండో రకం వైద్యులు బంధువుల్లో దొరుకుతారు. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మేనల్లుడు సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. "ఇంకా తీగలేంటి మావయ్యా! క్లౌడ్‌లో పడేసి, ఆ సిస్టంలో డౌన్‌లోడ్ చేసేసుకో." భేషైన సలహా. ముందుగదిలో ఉన్న 360 గిగాబైట్లు ఊరు దాటి, జిల్లా దాటి, ఏ మహానగరంలోనో ఉన్న గిడ్డంగికి ఎక్కాలి. ఎక్కడానికి ఒక రాత్రి. మళ్ళీ అంత దూరమూ వెనక్కొచ్చి వెనకగదిలో దిగాలి. దిగడానికి ఇంకో రాత్రి. ఈలోగా మావాడు మధ్యగుమ్మంలో నిలబడితే కుడిచేత్తో ఒక సిస్టం, ఎడంచేత్తో ఇంకో సిస్టం అందుతాయి. ఆ గిడ్డంగికీ నెల అద్దె ఉంటుందని మేనల్లుడు చెప్పలేదు. మరిచిపోయి ఉంటాడు.

మూడో రకం, వీడియోల్లో చూసి నేర్చుకున్నవాళ్ళు. విండోస్‌లో ఈ ఒక్క సెట్టింగ్ మార్చండి, నల్ల తెర మీద ఈ ఒక్క లైను కొట్టండి, ఈ ర్యామ్ క్లీనర్ వేసుకోండి. వేసుకున్నాక రెండు సిస్టంలూ ఇంకాస్త నెమ్మదిస్తాయి, మధ్యలో కొత్త ప్రకటనలు కనపడతాయి. బాక్సుని ఈశాన్యంలో పెట్టమన్న వాస్తుపండితుణ్ణీ మావాడు కాదనలేదు. పెట్టాడు. మునుపు తీగ గోడ పక్కనుంచి తిన్నగా పోయేది, ఇప్పుడు బీరువా వెనక నలిగి పోతోంది. రీస్టార్ట్ మంత్రాన్ని మాత్రం నేను ఆడిపోసుకోను. అది అప్పుడప్పుడూ పనిచేస్తుంది, పైగా ఉచితం.

అన్నిటికన్నా రంజైనది షాపు వైద్యం. "ఈ రెండు కొమ్ముల బాక్సు ఏం లాగుతుందండీ, నాలుగు కొమ్ములది పట్టుకెళ్ళండి" అంటాడు. అట్టపెట్టె మీద బంగారు అంకెల్లో 1200 అని ఉంటుంది. ఆ అంకె పుట్టుక చూడండి. ఒక బ్యాండులో 300, ఇంకో బ్యాండులో 867, రెండూ కూడితే 1167. మిగతా 33 అట్టపెట్టె మర్యాద కోసం. ఆ రకం బాక్సులో ఏ ల్యాప్‌టాపూ రెండు బ్యాండుల్నీ ఒక్కసారిగా వాడుకోదు, కాబట్టి ఆ కూడిక ఎవరికీ అందే సొమ్ము కాదు. ఇక బాక్సు వెనక్కి తిప్పి తీగలు గుచ్చే పోర్టుల సంగతి చిన్నక్షరాల్లో చదివితే, చాలా చౌక బాక్సుల్లో ఉండేది 10/100. ముందు వెయ్యినూట చిల్లర, వెనక వంద! రాగితీగ మీద గిగాబిట్ నడిపే ప్రమాణం 1999లోనే ఖాయమైంది. ఆ ఏడు పుట్టిన పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని కొండెక్కుతుంటే, ఆ పెళ్ళిళ్ళ వీడియోలు ఇంకా 1995 నాటి వంద పోర్టులోంచి నడుస్తున్నాయి.

వ్రతకథలో సాధువనే వర్తకుడుంటాడు. నావనిండా ధనం పెట్టుకుని, సన్యాసి వేషంలో వచ్చిన స్వామి అడిగితే ఆకులూ అలములూ అన్నాడు. తథాస్తు అన్నాడు స్వామి. మన బాక్సు వర్తకుడు అంతకన్నా గట్టివాడు: లోపల ఆకులలములు పెట్టి, పైన ధనమని అచ్చేశాడు. తథాస్తు అనడానికి స్వామి రాలేదు. బిల్లు కట్టి మనమే అన్నాం.

"తీగలెందుకు, వైఫైలో పంపేస్తా" అనేవాడికి ఓ మాట. గాల్లో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలి. రెండు సిస్టంలూ వైఫై మీదే ఉంటే ప్రతి ముక్కా బాక్సుదాకా ఒకసారి, బాక్సునుంచి మళ్ళీ ఒకసారి, రెండుసార్లు గాలెక్కుతుంది, వేగం సగమవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్ళు మూడే, 1, 6, 11. కొండ కింద ప్రతి లాడ్జికీ, ప్రతి సత్రానికీ ఓ వైఫై ఉండే ఊళ్ళో, ముహూర్తం రోజున ఆ మూడింటి మీద ఎంతమంది ఎక్కి ఉంటారో ఊహించుకోండి. ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయనకండి. గీతలు చెప్పేది గొంతు వినపడుతోందని, వంతు వచ్చిందని కాదు.

ఇంతకీ మావాడి ఇంట్లో రోగం ఎక్కడుంది? మిక్సింగ్ సిస్టంలో ఈథర్నెట్ సెట్టింగ్ తెరిస్తే లింక్ స్పీడ్ అని ఓ లైనుంది. 100/100. ప్లాను అమ్మినవాడు, బాక్సు అమ్మినవాడు, క్లౌడు చెప్పినవాడు, ముగ్గురిలో ఒక్కడూ ఆ లైను చూడలేదు. సిస్టంకి గిగాబిట్ ఉంది, కొత్త బాక్సుకీ ఈసారి అడిగి తెచ్చుకున్న గిగాబిట్ ఉంది. మిగిలింది తీగ. బీరువా జరిపి చూశాం.

చివర గాజులాంటి ప్లాస్టిక్ ప్లగ్గు. లైటు పెట్టి చూస్తే లోపల ఎనిమిది బంగారు పళ్ళు, ఎనిమిది రంగుల సన్న తీగలు. నారింజ జత సరిగ్గా పంటికిందికి వచ్చింది. ఆకుపచ్చ జతా వచ్చింది. నీలం వంకరపోయింది. గోధుమరంగు తీగ పన్ను దాకా రాకుండానే ఆగిపోయింది, పావు అంగుళం పొట్టి. వందకి నాలుగు తీగలు చాలు: 1, 2, 3, 6. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. కాబట్టి ఇక్కడ నెట్ వచ్చేస్తుంది, లైటు వెలిగేస్తుంది, స్పీడ్ టెస్ట్‌లో వందకి దగ్గరగా ఓ అంకె పడుతుంది, క్రింపింగ్ చేసిన కుర్రాడు "ఓకేనండీ" అని సంతకం పెట్టించుకుని బండెక్కేస్తాడు. మూడొందల ప్లాను కడుతూ వందతో సరిపెట్టుకున్నదీ ఈ పావు అంగుళం వల్లే. కొన్నిచోట్ల ఇంకా ఘనం: ఒకే తీగలో నాలుగు దీనికి, నాలుగు దానికి పంచి రెండు కనెక్షన్లు లాగేస్తారు, అన్నదమ్ముల వాటాల్లా. రాగని చెప్పి రాగిపూత పూసిన అల్యూమినియం అంటగట్టేవాళ్ళూ ఉన్నారు.

అబ్బురమేమిటంటే, బయటి తీగకి మనం చేసిన సన్మానం తక్కువేం కాదు. కోనసీమలో మోరి గ్రామానికి మొదట వచ్చిన ఫైబర్నెట్‌ని 2017 డిసెంబరు 27న సాక్షాత్తూ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు. కరెంటు స్తంభాల మీంచి ఫైబరు ఊరూరా పాకింది. మంచిపనే. ఇంటి గోడదాకా వచ్చిన తీగకి అంత వైభవం జరిగింది, గోడ లోపలి తీగకి మాత్రం రిబ్బన్ కత్తిరించే దిక్కులేదు. 2022లో మావాడి బోర్డు మీద తూర్పు గోదావరి పోయి కాకినాడ జిల్లా అయింది. గోడలో తీగ ఎవరి హయాంలో వేసిందో ఎవరికీ తెలియదు.

అలాగని తీగ మారిస్తే సర్వం సుఖాంతమని నేనూ ఓ మందు అమ్మబోవడం లేదు. బాక్సు ఇచ్చేవాళ్ళలో కొందరు ఒక పోర్టు గిగాబిట్‌ది, పక్కది వందది పెడతారు. తప్పు కన్నంలో గుచ్చితే మళ్ళీ మొదటికే. పాత యూఎస్‌బీ 2.0 హార్డ్‌డిస్కులోకి రాస్తుంటే అది ముప్పై, ముప్పైఅయిదు దగ్గరే మొరాయిస్తుంది, దానికి తీగనంటే పాపం. వేలకొద్దీ చిన్న ఫోటోలు పంపితే ఒక్కోదానికీ తెరువు, మూయి, పేరు రాయి అనే తంతు ఉంటుంది; ఒక్క పెద్ద ఫైలు సాఫీగా పోతుంది. మధ్యలో యాంటీవైరస్ ప్రతి పెళ్ళిఫోటోనీ ఆపి సోదా చేస్తుంది. డిస్కు సంగతి పక్కన పెట్టి దారి ఒక్కటే కొలవాలంటే ఐపెర్ఫ్ అనే ఉచిత పనిముట్టుంది. రెండు సిస్టంలలో వేస్తే తగాదా తీగతోనా డిస్కుతోనా తేలిపోతుంది. దాన్ని ఎవరూ సిఫార్సు చేయకపోవడానికి కారణం కష్టమని కాదు. కమీషన్ లేదు.

ప్లగ్గు కోసేసి, ఎనిమిది తీగలూ సమానంగా కత్తిరించి, కొత్తది నొక్కారు. ఖర్చు కొండ మీద ప్రసాదం పొట్లానికయ్యేంత కూడా కాలేదు. లింక్ స్పీడ్ 1000 చూపించింది. విండోలో 110. తొమ్మిది గంటల పెళ్ళి గంటలోపు వెనకగదికి చేరింది.

తర్వాత కొన్నాళ్ళకి ఇసుక లారీ ఒకటి స్తంభాల మధ్య వేలాడే ఫైబరుని తెంపుకుపోయింది. వీధంతా నెట్ లేదు. మావాడి బాక్సు మీద ఎర్రలైటు. బాక్సుకి కరెంటుంటే చాలు కాబట్టి, లోపల మాత్రం ఆ ముందురాత్రి వ్రతం తాలూకు ఫైళ్ళు ముందుగదిలోంచి వెనకగదికి బ్రహ్మాండంగా పోతున్నాయి. నిచ్చెనేసుకుని వచ్చిన మన వైద్యుడు మంచినీళ్ళడిగి లోపలికొచ్చి, తెర చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"నూటపది కొడుతోందా! చూశారా గురువుగారూ, మన మూడొందల ప్లాను పవరు. అయిదొందలకి మార్చేద్దామా, ఆయ్?"