ఇరవై ఎనిమిదో వంతు బాబాయి

ప్రతి అపార్టుమెంటులోనూ ఈయన ఒకరుంటారు. అసోసియేషన్ సెక్రటరీ వేరు, బండి అడ్డంగా పెట్టి ఫోనెత్తని ఫ్లాటువారు వేరు. నేను చెప్పేది, ఆదివారం పొద్దున టిఫిను కాగానే లుంగీ ఎగ్గట్టి, తాడు కట్టిన కళ్ళద్దాలు మెడలో వేసుకుని, ఒక చేత్తో పిస్తోలు పిడి ఉన్న రిమోటు, మరో చేత్తో చిన్న కారు పట్టుకుని సెల్లార్లోకి దిగే పెద్దమనిషి గురించి. వయసు యాభై దాటి ఉంటుంది. ఉద్యోగం ఏ బ్యాంకులోనో, కరెంటాఫీసులోనో. పిల్లలు ఎదురుగా అంకుల్ అంటారు. పెద్దలు వెనకాల రిమోట్ బాబాయి అంటారు. కూకట్‌పల్లిలో ఉన్నారు, గాజువాకలో ఉన్నారు, డాలస్‌లోనూ ఉన్నారు. అక్కడ లుంగీ బదులు నిక్కరు, అంతే తేడా.

బాబాయి కారు అసలు కారులో 28వ వంతు. అరచేతిలో ఇముడుతుంది. "ఎంత స్పీడు పోతుంది బాబాయ్?" అని మాత్రం అడక్కూడదు. అడిగితే "గంటకి 30 కిలోమీటర్లు" అని ఆగరు. "30 ఇంటూ 28 ఎంత? 840. స్కేలు లెక్క ప్రకారం విమానం" అంటారు. ఆయన ఆ లెక్క చెప్పేలోగా విమానం వెళ్ళి ఎదురు ఫ్లాటువారి ఇన్నోవా కింద ఇరుక్కుంటుంది. వాచ్‌మన్ అడక్కుండానే బూజుకర్ర తెస్తాడు. ఆదివారం అతని డ్యూటీల్లో అదొకటి.

కారు కొన్నది కొడుకు పుట్టినరోజుకి. అప్పుడు వాడు మూడో తరగతి. ఇప్పుడు ఎప్‌సెట్ కోచింగుకి వెళ్తున్నాడు. రిమోటు ఇంకా వాడి చేతికి రాలేదు. "ట్రిగ్గర్ మీద వాడికి కంట్రోల్ లేదు. ఒకేసారి ఫుల్లుగా నొక్కేస్తాడు, గేరు పళ్ళు రాలతాయి" అని బాబాయి బెంగ. కొడుకు కూడా అడగడం మానేశాడు. ఏ వస్తువైనా నాన్న తనకోసం కొంటానంటే చాలు, "వద్దు నాన్నా, నువ్వే కొనుక్కో" అంటున్నాడు.

ఇంతకీ బాబాయి ఆ కారుని పెద్దగా నడపరు. ఆయన ఆనందమంతా విప్పడంలో ఉంది. బ్యాటరీ ఛార్జి పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత పూటంతా మరమ్మతు. తనకున్న నిజం కారు బానెట్ ఎత్తి లోపలేముందో ఏనాడూ చూడలేదు. అందులో ఇంజినాయిల్ కొలిచే పుల్ల ఎక్కడుంటుందో అడిగితే "సర్వీసు వాడు చూస్తాడులే" అంటారు. ఈ చిన్నదాని విషయంలో మాత్రం దేవుడు దిగివచ్చి స్క్రూడ్రైవర్ అడిగినా ఇవ్వరు.

నడపాలనుకున్న రోజున కూడా నియమం తప్పరు. ముందు రిమోటు ఆన్ చెయ్యాలి, తర్వాతే కారు. ఆపేటప్పుడు ముందు కారు ఆపాలి, తర్వాతే రిమోటు. ఎందుకంటే రిమోటు పలకకుండా కారు ఒక్కటే మేలుకుని ఉంటే, ముఖ్యంగా పాతరకం సెట్లలో, గాల్లో తిరిగే ఏ సిగ్నలునో అందుకుని గోడకి పరిగెత్తే ప్రమాదం ఉంది. బాబాయి ఈ సంగతి లిఫ్టులో ఎక్కినవారందరికీ చెబుతారు. ఆయన ఉండేది ఐదో అంతస్తు. చెప్పడానికి సమయం సరిపోతుంది.

ఆ తర్వాత చరిత్ర మొదలవుతుంది. జపాన్‌లో షిజుఒకా అనే ఊరు, అక్కడ తమియా కంపెనీ, 1976లో వాళ్ళు దించిన మొదటి రేడియో కంట్రోలు కారు పోర్షే 934. అది అసలులో 12వ వంతు. తర్వాత 1999లో క్యోషో వాళ్ళ మినీ-జెడ్. గోడ గడియారంలో వేసే సెల్స్ కన్నా సన్నవి, ట్రిపుల్ ఏ సెల్స్, నాలుగు వేస్తే నడిచే కారు. "అప్పటిదాకా వీధిలో ఆడే ఆట హాల్లోకి వచ్చింది" అంటారు బాబాయి, కళ్ళు పెద్దవి చేసి. హాల్లోకి వచ్చిన మాట పిన్నిగారికీ తెలుసు. సోఫా కింద చిమ్మడానికి ఆవిడకు అనుమతి లేక చాలాకాలమైంది.

పిన్నిగారికీ కారుకీ మొదటి తగాదా ముగ్గు దగ్గర వచ్చింది. ధనుర్మాసంలో ఆవిడ గుమ్మం ముందు చుక్కల ముగ్గు వేస్తే, బాబాయి కారు దాని మీదుగా పోయింది. ముగ్గు చెరిగిందని ఆవిడ, ముగ్గుపిండి గేర్లలో పడిందని ఈయన. రాతిపిండి గేరు పళ్ళని ఆకురాయిలా అరగదీస్తుందని బాబాయి వాదన. అది నిజమే. నిజం చెప్పినంత మాత్రాన ఆ రోజు మధ్యాహ్నం భోజనం దొరకలేదు. అప్పటి నుంచి ఏటా ధనుర్మాసం నెలంతా కారుకు సెలవు.

ముగ్గు తర్వాత రెండో శత్రువు వెంట్రుక. నేలమీద పడ్డ వెంట్రుకలు, చీర అంచు దారాలు, తివాచీ పీచు, అన్నీ వెళ్ళి ఇరుసుకు చుట్టుకుంటాయి. చుట్టుకుంటూ పోయి చక్రం బిగుసుకుంటుంది, చక్రం బిగుసుకుంటే మోటారు వేడెక్కుతుంది. అందుకని కారు ఇంటికి రాగానే బాబాయి ముందు చక్రాలు ఊడదీసి, ట్వీజర్‌తో ఒక్కో పోగూ లాగుతారు. లాగిన పోగు వెలుతురుకెత్తి చూసి, "ఇది నీదే" అంటారు పిన్నిగారితో. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ జుట్టు ఎంత రాలుతోందో ఆయన గమనించింది ఈ సందర్భంలోనే.

అసలు పూజ ఆ తర్వాత. డైనింగు టేబుల్ మీద పాత పంచె పరుస్తారు, స్క్రూ జారిపడితే దొర్లిపోకుండా. తెరిచే ముందు ఫోనులో ఫొటో తీస్తారు, మళ్ళీ బిగించేటప్పుడు ఏది ఎక్కడిదో తెలియడానికి. విప్పిన స్క్రూలు పెట్టడానికి ఇడ్లీ ప్లేటు. ఒక గుంటలో ముందు చక్రాలవి, ఒక గుంటలో వెనక చక్రాలవి, ఒక గుంటలో మోటారువి. పిన్నిగారు ఇడ్లీ వేద్దామనుకున్న రోజున ఉప్మా చేస్తారు. ఇది ఆ ఇంట్లో అలవాటైపోయింది. ఉప్మా పెడితే చాలు, కారు విప్పి ఉందని చుట్టాలు గ్రహిస్తారు.

"ఏమండీ, గ్యాసు బుక్ చేశారా?"

"ఉండవే, డిఫరెన్షియల్ తెరిచి ఉంది."

డిఫరెన్షియల్ అంటే వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గూడు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ పోవాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు గట్టిగా బిగిస్తే మలుపులో ఒక చక్రం ఈడ్చుకుపోతుంది. ఈ గేర్లు ఆ తేడాను సర్దుతాయి. ఒక చక్రాన్ని తిప్పితే రెండోది ఎదురు దిక్కుకు తిరగాలి. అలా తిరిగితే ఆరోగ్యంగా ఉన్నట్టు. బాబాయి ఇదంతా చేత్తో తిప్పి చూపిస్తూ వివరించారు.

"అర్థమైంది. మనింట్లో అది లేదు. ఈడ్చుకుపోతున్న చక్రాన్ని నేను" అన్నారు పిన్నిగారు, మళ్ళీ ఉప్మా కలుపుతూ.

గ్రీజు దొరక్కపోతే కొబ్బరినూనె వేద్దామని ఒకసారి పక్కింటాయన సలహా ఇచ్చారు. బాబాయి ఆయనతో వారం మాట్లాడలేదు. చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది, బేరింగులో గడ్డకడితే కారు గతేమిటని ఆయన బాధ. బేరింగుకి కుట్టుమిషను నూనె, అదీ సూది మొనతో ఒకే ఒక్క బొట్టు. ఎక్కువైతే దుమ్ము పట్టి బురదవుతుంది. టైర్లకి నూనె తగలనే కూడదు, వాటిని తడిగుడ్డతో తుడిస్తే నేలమీద పట్టు దొరుకుతుంది. ఇనుముకు ఇనుము బిగించే చోట స్క్రూ వదులు కాకుండా నీలంరంగు లాకింగ్ జిగురు రాయాలి, ప్లాస్టిక్‌లో దిగే స్క్రూకి అది రాస్తే ప్లాస్టిక్ పెళుసై పగులుతుంది. ఇన్ని సూక్ష్మాలు తెలిసిన మనిషి వంటింటి కుళాయి కారుతోందంటే ప్లంబర్‌కి ఫోన్ చేస్తారు.

బ్యాటరీ దగ్గరికొస్తే ఆయన గొంతు తగ్గుతుంది. లిథియం పాలిమర్ రకం, రెండు సెల్స్, 7.4 ఓల్టులు. ఒక్కో సెల్ నిండా ఎక్కితే 4.2. మూడు ఓల్టుల కిందికి దిగజారితే మళ్ళీ కోలుకోవడం కష్టం. వాడకుండా దాచిపెట్టాలంటే 3.8 దగ్గర ఉంచాలి, నింపీ పెట్టకూడదు, ఖాళీగానూ పెట్టకూడదు. ఉబ్బిందంటే ఛార్జింగ్ జోలికి పోకూడదు, మంటలంటుకోవచ్చు. ఛార్జి అవుతున్నంతసేపూ పక్కనే కూర్చుంటారు, ఫోనొచ్చినా లేవరు. రోజూ రెండు సెల్స్ ఓల్టేజీ కొలిచి డైరీలో రాస్తారు. తన బీపీ ఎంతో డాక్టరు అడిగితే "నార్మలే అనుకుంటానండీ" అన్నారు.

ఆ బ్యాటరీలు ఉండేది ఊరగాయ జాడీలో. పింగాణీకి నిప్పంటదని, మూత బిగించకుండా వదులుగా పెట్టాలని ఆయనకి తెలుసు. ఆ జాడీ పిన్నిగారి అమ్మమ్మదని కూడా తెలుసు. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది.

విడిభాగాల వేట మరో కథ. వైర్లు, కనెక్టర్లు, సోల్డరు కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తారు. కూరగాయలకి కూడా అంత బేరమాడరు. మిగతావి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉన్న అన్నకొడుకు తేవాలి. "మీ ఫ్రిస్కో పక్కనే కదరా మెకిన్నీ, ట్రాక్సస్ కంపెనీ అక్కడే కదా" అని ఫోనులో బాబాయి. "అది పెద్ద కార్ల కంపెనీ బాబాయ్, నీ సైజు అందులో లేదు" అని వాడు. "పర్లేదు, సన్న అలెన్ కీలు తే. షాకుల్లో పోసే సిలికాన్ నూనె తే. స్పేర్ బ్యాటరీ తెస్తే మటుకు సూట్‌కేసులో వెయ్యకు, చేతి సంచిలో పెట్టుకో, అదీ రూలు." విమానం రూల్సు వాడికన్నా ఈయనకే బాగా తెలుసు. తిరుగు ప్రయాణంలో వాడి సూట్‌కేసు నిండా గోంగూర పచ్చడి, సున్నుండలు. ఈ ఎగుమతి దిగుమతుల్లో నష్టం ఎవరికో పిన్నిగారికి తెలుసు.

ఇంత నవ్వుకున్నాక ఒక మాట ఒప్పుకోవాలి. నాంపల్లి నుమాయిష్ అయ్యాక, ఫిబ్రవరిలో, బాబాయి గుమ్మం ముందు పిల్లల చెప్పులు పెరుగుతాయి. ఎగ్జిబిషన్‌లో కొన్న చవక కార్లు అప్పటికి మూలపడి ఉంటాయి. రెండు కార్లు ఒకే ఫ్రీక్వెన్సీవి కావడంతో ఒకడి రిమోటుకి ఇంకొకడి కారు కదులుతూ ఉంటుంది. ఇంకోదానికి సెల్స్ పెట్టే స్ప్రింగు దగ్గర వైరు ఊడి ఉంటుంది. వేరొకదాన్లో మోటారు తిరుగుతుంది, చక్రం తిరగదు, గేరు చీలింది. నాన్నలందరూ ఒకే మాటంటారు, "పారేయ్, ఇంకోటి కొందాం." బాబాయి ఒక్కరే "తే, విప్పి చూద్దాం" అంటారు.

ఆ తెరిచిన కారు చుట్టూ పిల్లలు ముక్కులు ఆనించి కూర్చుంటారు. మోటారు ఏది, గేరు ఏది, స్టీరింగు తిప్పే సర్వో ఏది, స్క్రూడ్రైవర్ మొనతో చూపిస్తూ పోతారాయన. వైరు అతికించి, స్విచ్ వేయగానే చక్రం గిర్రున తిరుగుతుంది. ఫిజిక్సు ట్యూషన్ మాస్టరు ఫీజు తీసుకుని చెప్పలేని పాఠం అక్కడ ఉప్మా వాసనలో ఉచితంగా జరుగుతుంది. సొంత కొడుక్కి రిమోటు ఇవ్వని మనిషి ఊళ్ళో పిల్లలందరికీ స్క్రూడ్రైవర్ ఇస్తారు. నా లెక్కలో రిమోటు కన్నా అదే పెద్ద బహుమతి.

మీ ఇంట్లో కూడా అలమర మీద ఆగిపోయిన రిమోట్ కారు ఒకటి ఉండే ఉంటుంది. ముందు లేచి అందులో సెల్స్ తీసెయ్యండి, నెలల తరబడి వదిలేస్తే అవి కారిపోయి రేకుల్ని తినేస్తాయి. తర్వాత మీ అపార్టుమెంటు బాబాయి ఏ ఫ్లాటులో ఉంటారో కనుక్కుని తీసుకెళ్ళండి. ఎప్పుడు తిరిగిస్తారని మాత్రం అడక్కండి. పెట్టిన ఉప్మా తినేసి రండి.