లెక్కల్లో సూపర్ టెన్

ప్రో కబడ్డీలో మన తెలుగు టైటాన్స్ ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో కలిపి 66 మ్యాచులాడి 5 గెలిచింది. మూడుసార్లూ అట్టడుగే. నిలకడ అంటే అదీ! జగిత్యాల బస్టాండు ముంగటి చాయ్ హోటల్లో మాత్రం దీనికి కారణాలు దశాంశాలతో సహా దొరుకుతాయి.

“పవన్ సెహ్రావత్‌ను రెండున్నర కోట్లకు పైన పెట్టి కొన్నరు. రెండొందల పైన రైడ్ పాయింట్లు తెచ్చిండు. ఇంకేం గావాలె?” అని కోరుట్ల తమ్ముడు.

“తెచ్చిండు తమ్మీ, గని గా పదో సీజన్ల గెల్చినయి రెండేనాయె. ఈయన తెచ్చుడు, కార్నర్లు పోగొట్టుడు. టాకిల్ సక్సెస్ రేటు సూడు జర!” అని సిరిసిల్ల అన్న ఫోన్ ముఖమ్మీద పెడతాడు.

ఇద్దరికీ గ్లాసు కోసం వంగితే నడుం పట్టేస్తుంది. అది వేరే సంగతి.

2025లో జట్టు క్వాలిఫయర్-2 దాకా వెళ్లి పుణేరి పల్టాన్ చేతిలో ఆగింది. అన్నేసి మ్యాచులు గెలుస్తుంటే తమ్ముడికి దిక్కుతోచలేదు. ఓడితే కదా లెక్కలు తీసేది!

రైడర్‌కు 30 సెకన్లే గడువు. వీళ్ల కూత అరగంటైనా ఆగదు. కోర్టులో ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు రైడర్ని పట్టేస్తే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. హోటల్లో బిల్లు వేళకు బల్ల దగ్గర మిగిలేది ఒక్కరే. సేటు పట్టు సక్సెస్ రేటు నూటికి నూరు.